ఖాళీకీ సున్నాకూ మధ్య: పాల కేంద్రం ప్రోగ్రాము తిరగరాత డైరీ

నవంబర్ 22

మా ఊరి పాల కేంద్రంలో ఈ రోజు పదిహేను రోజుల బిల్లులు ఇచ్చారు. నాలుగేళ్ల క్రితం అక్కడి లెక్కల ప్రోగ్రాము రాసిచ్చింది నేనే కాబట్టి బిల్లుల రోజున వీలు చేసుకుని వెళ్తుంటాను. పంపకం సగంలో ఉండగా ఒక పెద్దావిడ తన పాల కార్డునూ బిల్లునూ పక్కపక్కన పెట్టి చూపించారు. "తొమ్మిదో తారీఖు పొద్దుటి పూట నాలుగున్నర లీటర్లు పోశాను బాబూ. కార్డులో రాసి ఉంది. బిల్లులో దానికి సున్నా వేశారు. నా గేదె పాలలో వెన్నే లేదా?" అని అడిగారు.

ఆవిడ గేదె పాలలో వెన్న ఏ పూటా ఏడు శాతానికి తగ్గదు. ఆ పూటకు దాదాపు 260 రూపాయలు రావాలి. కేంద్రం చూసుకునే మా బాబాయి "యంత్రం ఏం చెబితే అదే కదరా పడేది" అన్నాడు. యంత్రం ఏం చెప్పిందో వెతికాను. వెన్న కొలిచే యంత్రం ఒక తీగ ద్వారా కంప్యూటర్‌కు ఒక్కో శాంపిల్‌కు ఒక్కో వరుస పంపుతుంది. ఆ వరుసలన్నీ వచ్చినవి వచ్చినట్టుగా ఒక ఫైలులో దాచే ఏర్పాటు మొదట్లోనే చేశాను. తొమ్మిదో తారీఖు వరుసలో సభ్యురాలి నంబరు ఉంది, 4.5 ఉంది, వెన్న ఉండాల్సిన చోట రెండు కామాల మధ్య ఏమీ లేదు. తీగ కదిలిందో, శాంపిల్‌లో గాలి బుడగలు పడ్డాయో గానీ యంత్రం అంకె చెప్పలేదు. "సున్నా" అని మాత్రం అది ఎక్కడా అనలేదు.

సున్నా అన్నది జావాస్క్రిప్ట్, నేను ఆ ప్రోగ్రాము రాసిన భాష. ఆ భాషలో అక్షరాల రూపంలో ఉన్న అంకెను సంఖ్యగా మార్చే ఫంక్షన్‌కు ఖాళీ మాట ఇస్తే సున్నా తిరిగి వస్తుంది. తప్పు చూపించదు, హెచ్చరించదు. సున్నా శాతం వెన్నను ధరతో గుణిస్తే సున్నా రూపాయలు. నా కోడ్ దానినే బిల్లులో అచ్చు వేసింది.

ఖాళీ అయితే ఆగమని ఒక్క షరతు రాసి ఈ తప్పును అక్కడికక్కడే మూసేశాను. ఆవిడ డబ్బు చేతికి ఇప్పించాం. ఇంటికి వచ్చాక కోడ్ మొత్తం చూస్తే మాటను సంఖ్యగా మార్చే చోట్లు 37 తేలాయి. ఒకటి మూసినంత మాత్రాన మిగిలిన 36 సంగతి ఏమిటి? నాలుగేళ్లలో ఇలాంటి సున్నాలు ఇంకెన్ని పడ్డాయి, ఎంతమంది కార్డు సరిచూసుకోకుండా ఇచ్చింది తీసుకుని వెళ్లిపోయారు?

ప్రోగ్రామును తిరగరాయాలని నిశ్చయించుకున్నాను. ఏ రోజు ఏం చేశానో ఇక్కడ రాసుకుంటాను.

నవంబర్ 23

ఏ భాషలో రాయాలి? జావాస్క్రిప్ట్‌ను బ్రెండన్ ఐక్ 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో పది రోజుల్లో తయారు చేశారు. వెబ్ పేజీలకు కాస్త చలనం ఇవ్వడానికి పుట్టిన భాష అది. ఏదైనా తేడా వచ్చినా పేజీ ఆగిపోకూడదు, ఎలాగోలా అర్థం చెప్పుకుని ముందుకు సాగాలి అన్నది దాని స్వభావం. ఆనాటి అవసరానికి అది తగిన స్వభావమే. పేజీలో ఒక బొమ్మ కదలకపోతే ఎవరి సొమ్మూ పోదు. అదే స్వభావం డబ్బు లెక్కలోకి వచ్చినప్పుడు ఒకరి పూట పాల ధరను మాయం చేసింది.

మొదట టైప్‌స్క్రిప్ట్ వైపు చూశాను. 2012 నుంచి మైక్రోసాఫ్ట్ నడుపుతున్న భాష, జావాస్క్రిప్ట్‌కే టైపులు, అంటే ఏ విలువ సంఖ్య, ఏది మాట అన్న రకాలు, చేర్చింది. ఉన్న కోడ్‌ను కొంచెం కొంచెంగా మార్చుకోవచ్చు. కానీ కూర్చుని ఆలోచిస్తే, నా తప్పును అది పట్టుకునేది కాదని తేలింది. ఖాళీ మాటను సంఖ్యగా మార్చితే వచ్చేది సంఖ్యే కదా, టైపు ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. అదే పైథాన్‌లో టైపులను ముందుగా తనిఖీ చేసే ఏర్పాటు భాషలో తప్పనిసరి కాదు, అయినా ఖాళీ మాటను దశాంశ సంఖ్యగా మార్చమంటే అక్కడికక్కడే తప్పు చూపించి ఆగుతుంది. కాబట్టి టైపులు ఉన్న భాష మంచిది, లేని భాష చెడ్డది అని గీత గీస్తే సరిపోదు. భాషతో పాటు వచ్చే చిన్న చిన్న ఫంక్షన్లు ఏ జవాబు ఇస్తాయన్నది కూడా భాష రూపకల్పనలో భాగమే.

నాకు కావలసిన కొలమానం ఇలా కుదిరింది. తనకు తెలియనిది ఎదురైనప్పుడు ఈ భాష ఊహించుకుని ముందుకు పోతుందా, ఆగి నన్ను అడుగుతుందా? అడిగేదైతే ఎప్పుడు అడుగుతుంది, నేను బల్ల ముందు కూర్చుని రాస్తున్నప్పుడా, లేక తెల్లవారుజామున ఐదున్నరకు పాల క్యాన్ల ముందు బాబాయి నిలబడి ఉన్నప్పుడా?

దీన్నిబట్టి రస్ట్‌ను ఎంచుకున్నాను. గ్రేడన్ హోర్ 2006లో మొదలుపెట్టిన భాష, మొజిల్లా అండతో పెరిగి 2015 మే 15న 1.0 వచ్చింది. దానికి పేరు తెచ్చింది మెమరీ భద్రత, అంటే ప్రోగ్రాము కంప్యూటర్ మెమరీలో తాకకూడని చోటును తాకకుండా చూడటం. తమ ఉత్పత్తుల్లో ఏటా బయటపడే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీని తప్పుగా వాడటం వల్ల వచ్చినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ను రస్ట్ వంటి భాషల్లో రాయడం మొదలుపెట్టాక, మొత్తం లోపాల్లో ఈ రకం వాటా 2019లో 76 శాతం ఉన్నది 2024కు 24 శాతానికి దిగింది. అయితే ఆ గుణం నాకు పెద్దగా అక్కరకు రాదు. జావాస్క్రిప్ట్ కూడా మెమరీని తానే చూసుకుంటుంది కనుక నా పాత ప్రోగ్రాముకు ఆ ప్రమాదం లేదు. రస్ట్‌లో నన్ను లాగింది వేరే సంగతి. ఆ భాషలో "లేదు" అన్నదాన్ని దాచిపెట్టలేం.

నవంబర్ 30

ఈ వారాంతమంతా "లేదు" చుట్టూనే గడిచింది.

కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాష కోసం పని చేస్తూ నల్ రిఫరెన్స్‌ను, అంటే "ఏమీ లేదు" అని సూచించే విలువను, ప్రవేశపెట్టారు. అమలు చేయడం చాలా సులువు కాబట్టి పెట్టాలన్న ఆశను ఆపుకోలేకపోయానని, అది తన వంద కోట్ల డాలర్ల తప్పు అని 2009లో లండన్ సదస్సులో ఆయనే చెప్పుకున్నారు. ఏ విలువ ఉండాల్సిన చోటైనా "ఏమీ లేదు" వచ్చి కూర్చోవచ్చు, అలా కూర్చున్నట్టు కోడ్ చూస్తే తెలియదు. జావాస్క్రిప్ట్‌లో నల్‌ను ఐదుతో గుణిస్తే సున్నా వస్తుంది. అంటే ఖాళీ మాటకు ఒక్కదానికే కాదు, నల్‌కు కూడా లెక్కల్లో అదే గతి.

రస్ట్‌లో నల్ లేదు. వెన్న రీడింగు ఉండవచ్చు, లేకపోవచ్చు అనుకుంటే దాన్ని ఆప్షన్ అనే టైపులో పెట్టాలి. మూత ఉన్న డబ్బా అనుకోండి. మూత తీసి చూడకుండా లోపలి అంకెతో గుణకారం చేయడం కుదరదు. మూత తీసినప్పుడు లోపల ఉంటే ఏం చేయాలి, లేకపోతే ఏం చేయాలి అన్న రెండు దారులూ రాయాలి. ఒక దారి రాయడం మరిచిపోతే ప్రోగ్రాము తయారే కాదు.

వెన్నను ఆప్షన్‌గా మార్చి కంపైల్ చేయగానే, అంటే రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చమనగానే, 11 తప్పులు వచ్చాయి. ఆ పదకొండూ పదకొండు ప్రశ్నలు. బిల్లులో ఏం వేయాలి, రసీదు మీద ఏం అచ్చు వేయాలి అన్నవి నేను ఊహించినవే. ఊహించనిది ఒకటి ఉంది. కేంద్రం రోజువారీ వెన్న సగటు లెక్కించే చోట కూడా కంపైలర్ ఆగింది: రీడింగు లేని పాలను సగటులో ఎలా కలపాలి? పాత ప్రోగ్రాములో ఆ సున్నాలు నాలుగేళ్లుగా సగటులో కలుస్తూ వచ్చాయి. డెయిరీ లారీ వచ్చినప్పుడు వాళ్ల పరీక్షలో వచ్చిన వెన్నతో మన సగటును పోల్చి చూస్తారు. మనది ఒక్కోసారి తక్కువ చూపిస్తోందని బాబాయి అంటుంటే నేను యంత్రం సవరణ తప్పిందనుకుని రెండుసార్లు మనిషిని పిలిపించాను.

ఈ పదకొండు ప్రశ్నలకు జవాబు నా దగ్గర లేదు. బాబాయికి ఫోను చేశాను. "శాంపిల్ సీసా పూట అయ్యేదాకా పారబోయం కదరా. రీడింగు రాకపోతే ఆ సీసానే మళ్లీ పెట్టాలి. అప్పటికీ రాకపోతే నాకు చూపించు, నేను రాస్తాను" అన్నాడు. ఎంత సులువైన జవాబు! నాలుగేళ్ల క్రితమే ఈ ప్రశ్న అడిగి ఉండాల్సింది. అప్పుడు నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఎవరినీ అడగలేదు.

డిసెంబర్ 7

లీటర్లు, కిలోలు.

పాలు నీళ్ల కంటే కాస్త బరువు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. రైతు దగ్గర లీటర్లలో తీసుకుంటాం, లారీకి కిలోల్లో తూచి పంపుతాం, వెన్న ధర కిలో వెన్నకు ఇంత అని ఉంటుంది. పాత ప్రోగ్రాములో ఇవన్నీ ఒట్టి సంఖ్యలే. వంద అంటే వంద లీటర్లా వంద కిలోలా అన్నది వేరియబుల్ పేరు చూసి తెలుసుకోవాలి.

రస్ట్‌లో లీటర్లకు ఒక టైపు, కిలోలకు ఒక టైపు విడిగా చేశాను. లోపల ఉన్నది అదే సంఖ్య, పైన చీటీ వేరు. ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చే ఫంక్షన్ ఒక్కటే ఉంటుంది, 1.03 అన్న అంకె ఆ ఒక్క చోటే కనిపిస్తుంది. దీనికి పట్టింది గంటన్నర. ఆ తరువాత పాత లెక్కలను ఒక్కొక్కటే తెచ్చి పెడుతుంటే నిల్వ లెక్క దగ్గర కంపైలర్ ఒప్పుకోలేదు. ఊళ్లోవాళ్లు రోజూ అరలీటరు, లీటరు కొనుక్కుని వెళ్తారు. ఆ అమ్మకం లీటర్లలో రాస్తాం. పాత ప్రోగ్రాము ఆ లీటర్లను సేకరించిన కిలోల్లోంచి నేరుగా తీసేస్తోంది! రోజుకు 20 లీటర్లు అమ్మితే తీయాల్సింది 20.6 కిలోలు. ప్రోగ్రాము తీసింది 20. ఆ అరకిలో పైచిలుకు లారీ తూకంలో రోజూ తక్కువ వచ్చేది. బాబాయి దాన్ని "ఒలికింది" అని పుస్తకంలో రాసుకుంటూ వచ్చాడు. ఒలకనే లేదు. క్యాన్లు మోసే కుర్రాడు ఈ నాలుగేళ్లలో ఎన్ని మాటలు పడ్డాడో తలుచుకుంటే మనసు బాగాలేదు. రేపు బాబాయి ముందే ఆ అబ్బాయికి విషయం చెప్పాలి.

నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గర పోయింది ఇలాంటి పొరపాటుతోనే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో లెక్క ఇచ్చింది, ఇంకొకటి వాటిని న్యూటన్-సెకన్లు అనుకుని చదివింది. సంఖ్యకు చీటీ అంటించడం ఏ భాషలోనైనా కొంత వరకు చేయవచ్చు, ఎఫ్‌షార్ప్ అనే భాషలో అయితే కొలతల ప్రమాణాలు భాషలోనే ఉన్నాయి. తేడా అంతా ఆ పని ఎంత సులువు అన్న దగ్గర ఉంది. రస్ట్‌లో ఒక్క వరుసతో అయిపోయింది కాబట్టి నేను చేశాను. యాభై వరుసలు అవసరమైతే చేసేవాడినా? చేసి ఉండేవాడిని కాదు.

డిసెంబర్ 14

పాల రకాలు. గేదె, ఆవు, కలిపిన పాలు. పాత కోడ్‌లో గేదె అయితే ఇలా, కాకపోతే ఆవు అని రెండే దారులు ఉండేవి. రెండేళ్ల క్రితం కలిపిన పాలు తీసుకోవడం మొదలైనప్పుడు నేను ధరల దగ్గర మార్చాను, నెలవారీ నివేదికలో మార్చడం మరిచాను. నివేదికలో ఆవు పాలు పెరిగినట్టు కనిపించాయి.

కొత్త కోడ్‌లో ముందు రెండు రకాలే పెట్టి, అంతా నడిచాక కావాలనే మూడో రకం చేర్చి చూశాను. రకాన్నిబట్టి నిర్ణయం తీసుకునే చోట్లు ఐదు ఉంటే నాలుగింటిని కంపైలర్ వేలు పెట్టి చూపించింది: ఇక్కడ కలిపిన పాల సంగతి రాయలేదు అని. ఐదోదాన్ని ఎందుకు వదిలేసింది? అక్కడ నేను తొందరలో "మిగిలినవన్నీ" అనే గుర్తు వాడాను. ఆ గుర్తు వాడితే అడగవద్దని మనమే చెప్పినట్టు. దాన్ని తీసేసి మూడు రకాలనూ పేరు పెట్టి రాశాను. ఇక ఈ ప్రాజెక్టులో ఆ గుర్తు వాడను.

డిసెంబర్ 20

పేర్లు. ఈ రోజు రాసేది ఎక్కువే, తెలుగు విషయం కాబట్టి.

రసీదు వెడల్పు తక్కువ. పాత ప్రోగ్రాము పేరును 12 "అక్షరాల" దగ్గర కత్తిరించేది. సభ్యుల అసలు పేర్లు ఇక్కడ రాయను గానీ, ఉదాహరణకు పి. విజయలక్ష్మి అనే పేరు తీసుకుంటే రసీదు మీద "పి. విజయలక్ష" అని పడేది. లక్ష్మి కాస్తా లక్ష అయింది. జావాస్క్రిప్ట్ దృష్టిలో అక్షరం అంటే మనం బడిలో నేర్చుకున్న అక్షరం కాదు, యూనికోడ్ (అన్ని లిపులకూ సంకేతాలు ఇచ్చే ప్రమాణం) సంకేతం. లక్ష్మి అన్న మాటలో మనకు కనిపించేవి రెండే అక్షరాలు, ల, క్ష్మి. సంకేతాలు మాత్రం ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వాటిని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. ఒకే మాట పొడవు ఎంతని అడిగితే రస్ట్ 21 అంటుంది, పైథాన్, జావాస్క్రిప్ట్ 7 అంటాయి, మా అమ్మ 2 అంటుంది. స్విఫ్ట్ భాష రూపకర్తలు మాత్రం అక్షరం అంటే మనిషి కంటికి ఒక్కటిగా కనిపించేదే అన్న నిర్ణయంతో మొదలుపెట్టారు.

అదే పన్నెండు దగ్గర కత్తిరింపును రస్ట్‌లో యథాతథంగా రాసి నడిపాను. ప్రోగ్రాము ఆగిపోయింది. 12వ బైటు అక్షర సరిహద్దు కాదు, అది గుడి గుర్తు లోపల ఉంది, ఆ గుర్తు 11 నుంచి 14 లోపు బైట్లు ఆక్రమించింది అని చెప్పింది. "వి" లోని గుడిని నరకబోయానన్నమాట. గమనించాల్సింది ఏమిటంటే దీన్ని కంపైలర్ ముందే పట్టుకోలేదు. నడుస్తుండగా ఆగింది. ఇంగ్లిషు పేర్లతో మాత్రమే పరీక్షించి ఉంటే నాకు తెలిసేదే కాదు, తెలుగు పేరు వచ్చిన తెల్లవారుజామున తెలిసేది.

కనిపించే అక్షరాల లెక్క రస్ట్‌తో పాటు రాదు, బయటి లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసి ఉంచిన కోడ్, తెచ్చుకోవాలి. అక్కడా ఒక మెలిక ఉంది. యూనికోడ్ పాత నియమాల ప్రకారం క్ష్మి మూడు ముక్కలవుతుంది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదన్న నియమం చేరింది. కాబట్టి లైబ్రరీ కొత్తదై ఉండాలి. లక్ష్మి అని ఇచ్చి రెండు వస్తుందో లేదో చూసే పరీక్ష రాసి పెట్టాను. శ్రీకి ఒకటి, స్వాతంత్ర్యంకు మూడు. ఇవి కూడా చేర్చాను.

2018 ఫిబ్రవరిలో తెలుగు "జ్ఞా" ఒక ప్రత్యేకమైన కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. మన లిపికి వత్తులు, గుణింతాలు సహజం. వాటిని అరుదైన విషయంగా చూసే సాఫ్ట్‌వేర్ మన పేర్లనే అరుదైనవిగా చూస్తుంది. పేరు తప్పు పడిన రసీదు పట్టుకుని వెళ్లడం ఎవరికైనా చిన్నతనంగా ఉంటుంది. ఇన్నాళ్లూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు, అంతే.

డిసెంబర్ 21

చిన్న పనులు. రద్దు చేసిన నమోదులను జాబితాలో తిరుగుతూనే తీసేద్దామని రాస్తే రస్ట్ ఒప్పుకోలేదు: జాబితాను చదువుతూ ఉండగా దాన్నే మార్చకూడదు. జావాస్క్రిప్ట్‌లో అలా తీసేస్తే పక్కనున్న నమోదును చూడకుండా దాటిపోతుంది, చెప్పదు. సభ్యుల నంబర్ల వరుస కూడా సరిగ్గా పడింది. పాతదాంట్లో మామూలుగా వరుస పెట్టమంటే అంకెలను మాటలుగా చదివి 1, 10, 100, 2 అని పేర్చేది. అది అప్పట్లోనే కనిపెట్టి సరిచేసుకున్నాను.

డిసెంబర్ 25

సెలవు. చదువుకుంటూ కూర్చున్నాను.

భాషను బట్టి తప్పులు పెరుగుతాయా తగ్గుతాయా అని లెక్క తీసినవాళ్లు ఉన్నారు. 2014లో ప్రోగ్రామర్లు కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్‌లోని 729 ప్రాజెక్టులను, 17 భాషలను తీసుకుని చేసిన అధ్యయనంలో కొన్ని భాషలకు తప్పులతో గట్టి సంబంధం ఉన్నట్టు తేలింది. చాలామంది దాన్ని ఉదహరించారు. 2019లో ఎమరీ బెర్గర్, యాన్ విటెక్ తదితరులు అదే సమాచారాన్ని మళ్లీ విశ్లేషిస్తే పదకొండు భాషల విషయంలో చెప్పిన సంబంధాల్లో నాలుగే నిలిచాయి, వాటి ప్రభావం కూడా చాలా స్వల్పం. 2017లో మరికొందరు ఇంకో దారిలో వెళ్లారు. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో బయటపడి సరిచేసిన 400 తప్పులను తీసుకుని, ముందే టైపులు రాసి ఉంటే ఎన్ని దొరికేవని చూస్తే సుమారు 15 శాతం వచ్చాయి.

పదిహేను శాతం తక్కువా ఎక్కువా? నా 260 రూపాయల తప్పు ఆ పదిహేనులోకి రాదని ముందే తెలుసుకున్నాను. లీటర్ల తప్పు కూడా రాదు, లీటర్లకు వేరే టైపు చేయాలని నేను అనుకుంటే తప్ప. భాష నాకు ఒక అవకాశం ఇస్తుంది, దాన్ని వాడుకోవాల్సింది నేనే. గిట్‌హబ్ లెక్కల్లో భాషల మధ్య తేడా అంత చిన్నగా కనిపించడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చని నాకు అనిపిస్తుంది. కానీ ఆండ్రాయిడ్ 76 నుంచి 24కు దిగిన సంగతి పక్కన పెట్టలేం. అక్కడ ఆ రకం తప్పుకు భాష అసలు చోటే ఇవ్వలేదు, ఎవరి శ్రద్ధ మీదా ఆధారపడలేదు.

డిసెంబర్ 28

డబ్బు. దశాంశ సంఖ్యల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. జావాస్క్రిప్ట్‌లోనే కాదు, రస్ట్‌లోనూ అంతే. కంప్యూటర్ రెండు అంకెల పద్ధతిలో దాచుకుంటుంది కాబట్టి మన పదో వంతు దానికి సరిగ్గా కుదరదు. కోబాల్ భాష రూపకర్తలు 1959లోనే వ్యాపార లెక్కలకు పదుల పద్ధతి కావాలని గుర్తించి భాషలో పెట్టారు. ఆ తరువాత వచ్చిన ఎన్నో భాషలు ఆ మంచి పనిని పక్కకు నెట్టాయి. నేను మొత్తం పైసల్లోకి మార్చాను. పైసలకు ఇంకో టైపు. రూపాయలు రసీదు మీద అచ్చయ్యేటప్పుడే పుడతాయి.

పూర్ణాంకాలు అనగానే సంఖ్య పొంగిపోవడం (ఓవర్‌ఫ్లో) గుర్తుకొచ్చింది. రస్ట్‌లో సంఖ్య తన పరిమితి దాటితే, పరీక్ష కోసం తయారు చేసిన ప్రోగ్రాము ఆగుతుంది. కానీ వాడకానికి తయారు చేసిన ప్రోగ్రాములో చప్పుడు లేకుండా చుట్టూ తిరిగి మొదటికి వస్తుంది. వేగం కోసం చేసిన ఏర్పాటు అది. నాకు వేగం అక్కరలేదు, రెండు వందల మంది పాల లెక్కకు ఎంత వేగం కావాలి? వాడకంలో కూడా తనిఖీ ఉండాలని ఒక్క వరుస మార్చాను.

ఇక్కడ ఏరియన్ 5 కథ గుర్తు చేసుకోవాలి. 1996 జూన్ 4న తొలి ప్రయోగంలో ఎగిరిన 40 సెకన్లలోపే ఆ రాకెట్ ముక్కలైంది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే అది పట్టలేదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది అడా భాషలో. భద్రత కోసమే రూపొందిన భాష అది, తనిఖీ కూడా చేసింది, తప్పును పట్టుకుంది. కానీ ప్రమాదం ఉన్న ఏడు వేరియబుల్స్‌లో నాలుగింటికే రక్షణ పెట్టి, ప్రాసెసర్ మీద భారం తగ్గించడానికి మూడింటిని వదిలేశారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను అంతకు ముందు వాడిన ఏరియన్ 4 రాకెట్ ప్రయాణంలో ఆ విలువ ఎప్పుడూ అంత పెద్దది కాలేదు. ఏరియన్ 5 వేగం వేరు. తప్పు దొరికితే ప్రాసెసర్‌ను ఆపేయాలని ముందే నిర్ణయించి పెట్టారు, దాని ప్రకారం దిక్కు చూపే కంప్యూటర్ తనను తాను మూసుకుంది. భాష అడిగింది. దానికి రాసి పెట్టిన జవాబే తప్పు.

జనవరి 4

ఈ ఉదయం మొదటి ప్రయోగం. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపాలని నాలుగున్నరకే కేంద్రానికి వెళ్లాను. చలికాలం కదా, గేదెలు పాలు బాగా ఇస్తున్నాయి, వరుస రోడ్డు దాకా ఉంది. పద్నాలుగో మనిషి దగ్గర కొత్త ప్రోగ్రాము ఆగిపోయింది.

కారణం నేనే. యంత్రం నుంచి వచ్చే వరుసను చదివే చోట, మొదటి వారంలో తొందరగా నడిపించి చూద్దామని అన్‌ర్యాప్ అనే ఫంక్షన్ వాడాను. డబ్బాలో విలువ ఉండి తీరుతుంది, లేకపోతే ప్రోగ్రాము ఆపేయి అని దాని అర్థం. తరువాత మార్చుదామనుకుని మరిచాను. పద్నాలుగో శాంపిల్‌కు యంత్రం సగం వరుసే పంపింది. 2025 నవంబర్ 18న ఎన్నో వెబ్‌సైట్లకు ఆధారమైన క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సేవలు నిలిచిపోయి ప్రపంచమంతటా వెబ్‌సైట్లు తెరుచుకోకుండా పోయినప్పుడు, ఆ గొలుసులో ఒక లంకె రస్ట్ కోడ్‌లోని ఇదే ఫంక్షన్. ఆ వార్త చదివి రెండు నెలలు కూడా కాలేదు. చదివినప్పుడు నా కోడ్‌లో ఎన్ని ఉన్నాయో వెతికి ఉండాల్సింది.

మధ్యాహ్నం కూర్చుని వెతికితే 19 ఉన్నాయి. అన్నింటినీ తీసేశాను. ఒక్కోచోట అసలు ప్రశ్నకు జవాబు రాయాల్సి వచ్చింది. మళ్లీ ఎవరైనా, నేనైనా, ఆ ఫంక్షన్ వాడితే తనిఖీ సాధనం తప్పుగా చూపించేలా అమర్చాను. రస్ట్ గురించి నాకున్న ఒకే ఒక ఫిర్యాదు ఇదే. తప్పించుకునే దారి ఒక్క మాటంత చిన్నగా, సరైన దారి అంతకంటే పొడుగ్గా ఉంది. అలసిపోయిన చేయి ఎటు పోతుందో భాష రూపకర్తలు ఆలోచించాలి. అయినా ఒకటి గమనించాను. పాత భాషలో "ఇక్కడ ఖాళీ రావచ్చు" అనే 37 చోట్లు నేను కళ్లతో చదివి పట్టుకోవాల్సి వచ్చింది. ఇక్కడ ఆ 19 ఒక మాట పేరుతో వెతికితే నిమిషంలో దొరికాయి.

జనవరి 11

వారం పాటు రెండు ప్రోగ్రాములూ పక్కపక్కన నడిచాయి. తేడా వచ్చిన నమోదులు తొమ్మిది. ఎనిమిదింటిలో కొత్తదే సరి. తొమ్మిదోది మాత్రం కొత్తదాని తప్పు: ధరల పట్టికలో 6.3, 6.4 శాతాల ధరలను నేను అటూ ఇటూ ఎక్కించాను. రెండూ పైసలే, రెండూ ఒకే టైపు, కంపైలర్‌కు ఏ అనుమానమూ రాదు. పట్టుకున్నది బాబాయి, గోడకు అంటించిన పట్టిక పక్కన వేలు పెట్టి చూసి. వెన్న పెరిగితే ధర తగ్గకూడదని పరీక్ష రాశాను. ముందే రాసి ఉండవచ్చు.

జనవరి 21

కొత్త ప్రోగ్రాముతో మొదటి బిల్లులు ఈ రోజు ఇచ్చారు. ఆ పెద్దావిడ వచ్చారు. కార్డు తీసి, బిల్లు తీసి, ముప్పై పూటలూ ఒక్కొక్కటిగా వేలితో సరిచూసుకున్నారు. పన్నెండో తారీఖు సాయంత్రం దగ్గర వేలు ఆగింది. అక్కడ అంకెకు ముందు చిన్న నక్షత్రం గుర్తు ఉంది.

"ఇది ఏమిటి బాబూ?"

"ఆ పూట యంత్రం మొదటిసారి చెప్పలేదండీ. సీసా మళ్లీ పెట్టి కొలిచాం. రెండోసారి వచ్చిన అంకె అది."

ఆవిడ తల ఊపి తరువాతి పూటకు వేలు జరిపారు.

నక్షత్రాలు మొత్తం బిల్లుల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే 23 ఉన్నాయి. వాటిలో 17 సాయంత్రం పూటవే. సాయంత్రం బల్లను గోడ వైపు జరుపుతారు, తీగ వంగేది అప్పుడే. రేపు పొడుగు తీగ తెచ్చి మార్చాలి.